మా ఇంటి కాలువకు నేనే రాసిన నోటీసు

ఈ మధ్య మదనపల్లెలో ఒక పెళ్ళికి పోయాను. కొత్తగా వార్డు సచివాలయంలో పారిశుధ్యం పనికి చేరిన ఒక అమ్మాయి భోజనాల దగ్గర నా పక్కన కూర్చుంది. "సార్, మీ సర్వీసులో మీరు రాసిన నోటీసుల్లో గట్టిది ఏది?" అని అడిగింది. పెరుగన్నం అయ్యేదాకా జవాబు చెప్పలేదు. చెప్పింది కూడా సగమే, వెనక వరుసవాళ్ళు కుర్చీల కోసం నిలబడి ఉన్నారు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఆమెకూ, ఆమె ఈడువాళ్ళకూ.

నేను శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. కుప్పంలో మొదలుపెట్టి, మదనపల్లెలో చాలా కాలం టమోటా మార్కెట్ చుట్టుపక్కల కుళ్ళు వాసనలో తిరిగి, చివరి మూడేళ్ళు పుంగనూరులో ఉండి రిటైరయ్యాను. పుంగనూరు మా ఊరే. అందుకే అక్కడి పోస్టింగు రెండుసార్లు తప్పించుకున్నాను. సొంత ఊళ్ళో కాలువల ఉద్యోగం చేయడానికి సిగ్గుపడి కాదు. మా తాత కూర్చుని పదిమందికి తీర్పు చెప్పిన వీధిలో నేను ఎవరిచేతనైనా మాట పడాల్సి వస్తుందేమోనని. చివరికి అదే జరిగింది. ఎవరిచేత పడ్డానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఇంటిని ఊళ్ళో ఇప్పటికీ పెద్దిల్లు అంటారు. పేరే మిగిలింది. పొలాలు మా తాత కాలంలో సగం పోయాయి, మా నాన్న కాలంలో తక్కినవి పోయాయి. ఇంటి వెనక ఉన్న కొట్టం, గాదెలు, తోట పట్టు నూలు తీసే ఒకాయన కొని అక్కడే యంత్రాలు పెట్టుకున్నాడు. మాకు ముందు భాగం ఉంది. నాలుగు గదులు, ఒక పంచ, చెక్కడపు పని ఉన్న తలవాకిలి. ఆ తలవాకిలి అమ్ముతారా అని బెంగళూరు నుంచి పాత సామాన్ల వ్యాపారులు వస్తే, మా మేనత్త వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపించింది. ఆమె మా నాన్న చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చి, మళ్ళీ ఈ ఇల్లు వదిలి పోలేదు. ఇంటి పరువుకు కాపలా ఆమేనని అందరికీ తెలుసు.

వెనక భాగం అమ్మినప్పుడు నీళ్ళ చిక్కు వచ్చింది. అంతవరకు ఇంట్లో వాడిన నీళ్ళన్నీ వెనక తోటలోకి పోయేవి. ఇక వీధి కాలువలోకి తిప్పాలి. తిన్నగా తీస్తే తలవాకిలి ముందున్న మెట్ల కింద నుంచి పోవాలి. మా నాన్న ఒప్పుకోలేదు. ఎంగిలి నీళ్ళు తలవాకిలి ముందు పారే ఇల్లు మనది కాదన్నాడు. అప్పుడు నేను మదనపల్లెలో ఉన్నాను. సెలవు పెట్టి వచ్చి, కాగితం మీద గీత గీసి తాపీ మేస్త్రీకి ఇచ్చింది నేనే. నీళ్ళు మెట్ల దాకా వచ్చి కుడికి తిరుగుతాయి. పంచ పొడుగునా గోడ పక్కనే పోయి, మూలలో ఎడమకు తిరిగి వీధి కాలువలో పడతాయి. రెండు అడ్డ మలుపులు, చాలీచాలని వాలు. వేరే వాళ్ళ ఇంట్లో అట్లాంటి కాలువ కనిపిస్తే, అది గీసినవాడెవడని నిలబెట్టి అడిగేవాణ్ణి.

అంతటితో ఊరుకోలేదు. పైన బండలు పరిపించి సందుల్లో సిమెంటు పూయించాను. తెరిచి చూసుకోవడానికి ఒక్క మూత కూడా వదల్లేదు. పెద్దమనుషులు వచ్చి కూర్చునే పంచ ముందు కాలువ మూత కనిపిస్తే బాగుండదని. ఊరందరికీ మూతలు పెట్టించిన మనిషిని నేను.

ఇరవై ఏళ్ళకు పైగా ఆ కాలువ ఏ ఇబ్బందీ పెట్టలేదు. నేను రిటైరు కావడానికి ఏడాది ఉందనగా మా ఇంటి ముందు రోడ్డు తడిగా ఉండటం మొదలైంది. ఎదురుగా అంగన్‌వాడీ. పిల్లలు ఆ నల్లటి తడి తొక్కుకుంటూనే లోపలికి పోవాలి. ఆ వీధి ఊడ్చి కాలువ తీసే కార్మికురాలు నలభై దాటిన మనిషి, కాంట్రాక్టరు కింద పనిచేసేది. ఆమె పొద్దున్నే శుభ్రం చేసి బ్లీచింగు చల్లి పోయేది. పదకొండు గంటలకల్లా మళ్ళీ తడి. అంగన్‌వాడీ టీచరు ఫోటో తీసి పంపింది. అది కమిషనరు ఫోనుకు చేరింది. ఆయన నన్ను అడిగాడు.

మరుసటి రోజు తెల్లవారి మస్టరులో, అంటే కార్మికులందరూ హాజరు వేయించుకోవడానికి షెడ్డు ముందు చేరేచోట, నేను ఆమెను పిలిచాను.

"ఏమ్మా, ఆ వీధి కాలువ తీసి ఎన్నాళ్ళయింది?"

"నిన్న తీసినాను సార్. మొన్న గూడా తీసినాను. కాలవలో ఏమీ లేదు."

"లేకపోతే రోడ్డు మీద నీళ్ళు ఎక్కడివి?"

ఆమె ఒకసారి మా శానిటరీ మేస్త్రీ వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. "మీ గోడ కింద నుంచి వస్తాండాయి సార్. రాళ్ళ సందులో నుంచి. నా కండ్లారా సూసినాను."

మేస్త్రీ అడ్డం వచ్చాడు. "ఊరుకోమ్మా. ఎవురి ఇంటి గురించి మాట్లాడతాండావో తెలుసునా?"

"నాకు తెలుసప్పా. నీళ్ళకు తెలియొద్దా?"

వెనక ఎవరో నవ్వారు. ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. ఆ నవ్వు లేకుండా ఉంటే నేను సరిగా ఆలోచించేవాణ్ణేమోనని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పుడు అది కూడా సాకేననిపిస్తుంది.

ఆమె ఇంకా ఆపలేదు. "ఒక పని చేద్దాం సార్. మీటింగులో మీరే చెప్పినారు గదా, బట్టలకు పెట్టే నీలిమందు నీళ్ళల్లో కలిపి ఇంట్లో పోస్తే అది యాడ తేల్తాదో తెలుస్తుందని. మీ ఇంట్లో ఒక బిందె పోయిచ్చండి. నీలిమందు నేనే తెస్తాను."

ఆ పరీక్ష నేను కుప్పంలో నేర్చుకున్నది. ఎవరి మురికి ఎవరి గుమ్మం ముందు తేలుతోందో తగువు వచ్చినప్పుడల్లా అదే చేసేవాణ్ణి. ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా రంగు చూశాక నోరు మూసుకునేవాడు. దాన్ని నా ఇంటి మీదికి తిప్పిన మనిషి ఆమె ఒక్కతే.

"మా ఇంటి నీళ్ళు రోడ్డు మీద పడిన రోజు లేదు. పని ఎగ్గొట్టి సాకులు చెప్పొద్దు," అన్నాను, అందరి ముందూ. ఆఫీసుకు పోయి, విధుల్లో నిర్లక్ష్యం, పై అధికారికి ఎదురు సమాధానం అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. నా సంతకం పొడుగ్గా ఉంటుంది. ఆ రోజు ఇంకా పొడుగ్గా వచ్చింది.

మరుసటి రోజు నుంచి ఆమెను పనిలోకి రావద్దన్నారు. తీసేసే ఉత్తర్వు శుక్రవారం కమిషనరు సంతకానికి పోతుందని తెలిసింది. మేస్త్రీ నా గదిలోకి వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. "సార్, ఒకసారి తీసేస్తే మల్లా చేర్చుకోరు. ఆ పనికి పదిమంది కాసుకోని ఉండారు. ఆమె మొగుడికి సేత కాదు, ఇంట్లో ఆ జీతం ఒకటే ఆధారం."

"పని చేయనివాళ్ళ గురించి నా దగ్గర సిఫారసు వద్దు," అన్నాను.

ఆమె బదులు వేరే మనిషిని పెట్టారు. మూడు రోజులు అతను గీకి గీకి తీశాడు. మూడు రోజులూ పదకొండుకల్లా రోడ్డు తడిసింది.

గురువారం పొద్దున పంచలో కాఫీ తాగుతున్నాను. మా అత్త పక్క వాకిట్లో రాయి మీద ఇత్తడి సామాన్లు తోముతోంది. పెద్దింటివని మాకు మిగిలిన వస్తువులు అవే. బిందెలు, గంగాళం, తాంబాలాలు. స్టీలు గిన్నెలు తోమడానికి మనిషిని పెట్టుకున్నాం గాని ఇత్తడి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వదు. వారానికి రెండుసార్లు చింతపండుతో రుద్ది, నీళ్ళ పొయ్యి బూడిదతో తోమి, కొబ్బరి పీచుతో తుడుస్తుంది. బూడిద నీళ్ళు, పీచు ముక్కలు, చింతపండు పిప్పి తూములోకి జారిపోవడం నేను చూస్తున్నాను. రోజూ చూస్తున్నదే. బూడిద కాలువలో వదులుతున్నారని మదనపల్లెలో ఎన్ని మెస్సులకు నోటీసులిచ్చానో లెక్కలేదు. కాఫీ సగంలో ఆపేశాను.

నీలిమందు కొన్నాను. మా వీధి అంగట్లో కాదు, బస్టాండు దాకా పోయి. అత్త పూజలో ఉండగా ఒక బిందెడు నీళ్ళలో కలిపి తూములో పోసి, పేపరు పట్టుకుని వీధిలోకి వచ్చి నిలబడ్డాను. పేపరు మొదటి పేజీ రెండుసార్లు చదివాను. మా గోడ అడుగున రెండు రాళ్ళ మధ్య ముందు లేతగా, తర్వాత చిక్కగా నీలం బయటికి వచ్చింది. పల్లం వెతుక్కుంటూ రోడ్డు మధ్యకు పారింది. అంగన్‌వాడీకి వస్తున్న ఒక పాప అందులో చెప్పుకాలు పెట్టింది. మా గోడ దగ్గర నుంచి బడి మెట్ల దాకా చిన్న చిన్న నీలం అడుగులు పడ్డాయి.

అప్పుడే మేస్త్రీ ఏదో కాగితం మీద సంతకం కోసం వచ్చాడు. రోడ్డు చూశాడు, నన్ను చూశాడు. బండి స్టాండు వేయడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"నేనేమీ సూళ్ళేదు సార్. ఇద్దరు మన్సుల్ని పంపిస్తాను. గంటలో తీసేస్తారు. ఎవురికీ తెలీదు."

"ఆఫీసు మనుషులు సొంత ఇంటి పనికి రాకూడదు."

"అందరూ పిలిపిచ్చుకుంటారు సార్."

"నేను పిలిపించుకోను. ఈ మాట మీద ఒకసారి బదిలీ కూడా అయ్యాను. చివరి ఏడాదిలో మార్చుకోను. ఈ పూట నాకు సెలవు రాసుకో."

మేస్త్రీ చెప్పిన దారి ఒక్కటే కాదు. మదనపల్లె నుంచి ఎవరినైనా పిలిపించి ఆదివారం పూట చప్పుడు లేకుండా తీయించవచ్చు. రోడ్డు ఆరిపోయేది. శుక్రవారం సంతకం అయిపోయేది. కొత్త మనిషి బాగా చేస్తున్నాడని నాకే మంచి పేరు వచ్చేది. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది. నా ఇంటి మురికి ఇంకొకరి నెత్తిన పెట్టి తలవాకిలి ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడానికి నా ఒళ్ళు ఒప్పుకోలేదు. మా వాళ్ళు పొలాలు పోగొట్టుకున్నారు గాని, ఒకరి కూడు తీసేసి తిన్నారని అనిపించుకోలేదు.

పంచె ఎగగట్టి గడ్డపార తీసుకుని వచ్చేసరికి అత్త గడపలో ఉంది.

"యాల నాయనా గడ్డపార?"

"కాలువ పూడింది అత్తా. బండలు లేపాలి."

"పూడితే మన్సుల్ని పిలిపిచ్చు. నువ్వు దిగేదేంది? మీ తాత ఈ పంచలో కూచోని ఉంటే ఈ వీధిలో చెప్పులేసుకోని నడిసినోళ్ళు లేరు."

"అట్లా నడవనియ్యని ఇంటికి ఇప్పుడు ఎవర్ని పిలవమంటావు?"

ఆమె వీధి అరుగుల వైపు చూసింది. "వీధి వీధంతా సూస్తాది," అంది, గొంతు తగ్గించి.

"చూడాలనే పగలు దిగుతున్నాను."

ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు నాకు వినిపించాలనే గట్టిగా వేసింది. పావుగంట తర్వాత తలుపు బెత్తెడు తెరుచుకుంది. లోపల నుంచి ఏమీ కనిపించక తీసి ఉంటుంది.

పిల్లలూ, ఒక మాట. మూసి ఉన్న గుంతలోకి మనిషిని దించే పని ఎవరు చెప్పినా చేయించకండి, మీరూ చేయకండి. మాది మోకాలి లోతు కాలువ, బండ లేపితే ఆకాశం కనిపిస్తుంది. అయినా ముందు బండలు లేపి గాలికి వదిలేసి, తర్వాతే దిగాను. నేను పూయించిన సిమెంటు గట్టిది. ఆ పొద్దు దాన్ని చూసి గర్వపడే స్థితిలో లేను. నాలుగో బండ దగ్గర చేతులు పొక్కాయి.

మొదటి మలుపు దగ్గర చూశాను. ఏళ్ళ తరబడి పోసిన బూడిద, సంగటి అడుగు, నూనె జిడ్డు, వాటి మధ్యలో పొరలు పొరలుగా కొబ్బరి పీచు. గట్టిపడి గోడలాగా నిలబడింది. వెదురు బద్ద పెట్టి పొడిస్తే బద్ద విరిగింది. అప్పటికి అరుగుల మీద జనం చేరారు. అంగన్‌వాడీ ఆయమ్మ పిల్లల్ని లోపలికి తోలి తాను బయట నిలబడింది. వెనక భాగం కొన్న పట్టు నూలు ఆయన సందులో నుంచి తొంగి చూసి, "సార్, మా కాడ పట్టు గూళ్ళు ఉడికిచ్చే బాయిలర్‌లో వేడినీళ్ళు ఉండాయి. జిడ్డుకు బాగుంటాది, తెమ్మంటారా?" అన్నాడు. వద్దనబోయి, తెమ్మన్నాను. మా తోట కొన్నవాడి దగ్గర నేను తీసుకున్న మొదటి సాయం అది.

వేడినీళ్ళు పోసి, కాలువలో కింది వైపు వంగి నిలబడి గడ్డపారతో గట్టిగా పొడిచాను. కుప్పంలో చేరిన మొదటి వారంలోనే ఒక ముసలి కార్మికుడు చెప్పాడు, నీళ్ళు నిలబడిన కాలువకు ఎదురుగా నిలబడి పొడవొద్దని. మలుపు ఒక్కసారిగా తెగింది. వెనక ఆగి ఉన్నదంతా నా ఛాతీ దాకా కొట్టింది. మీసాలు కూడా వదల్లేదు.

అరుగుల మీద నవ్వులు. కళ్ళు తుడుచుకుని చూస్తే అంగన్‌వాడీ గోడకు ఆనుకుని ఆమె, నేను రిపోర్టు రాసిన కార్మికురాలు, నిలబడి ఉంది, చేతులు కట్టుకుని. ఎవరు చెప్పారో, ఎప్పుడు వచ్చిందో తెలీదు.

"పక్కకు నిలబడి పొడవండి అని చెప్పే లోపలే పొడిసినారు సార్," అంది.

ఆమె దగ్గరికి వచ్చి వంగి కాలువ చూసింది. చెయ్యి మాత్రం పెట్టలేదు. పెట్టి ఉంటే నేనే వద్దనేవాణ్ణి.

"ఈ మలుపు ఎవురు పెట్టినారో గానీ, వాని చేత్తోనే తీయించాల."

"నేనే పెట్టాను."

"అయితే సరిపోయింది," అని మళ్ళీ పోయి గోడకు ఆనుకుంది.

రెండో మలుపు తీసేసరికి మధ్యాహ్నం దాటింది. నీళ్ళు వీధి కాలువలో పడుతుంటే ఆమె కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఆ నెలలోనే మెట్లు లేపి కాలువ తిన్నగా తీయించాను. తలవాకిలికి ఎదురుగా మూత కూడా పెట్టించాను. ఆ మెట్లు తొక్కనని మా అత్త చాలా రోజులు పక్క వాకిలి నుంచి తిరిగింది. బూడిద మాత్రం ఆ రోజు నుంచే బక్కెట్టులో పడుతోంది. ఆ విషయం మేమిద్దరం మాట్లాడుకోలేదు.

ఆ గురువారం సాయంత్రమే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు కాగితాలు పట్టుకుని కమిషనరు గదికి పోయాను. ఒకటి నా రిపోర్టు తప్పని, ఆ తప్పు నాదేనని. రెండోది వీధిలోకి మురుగు వదిలినందుకు ఇంటి యజమానికి నోటీసు. యజమాని పేరు చోట నా పేరు, రాసినవాడి చోట నా సంతకం. కమిషనరు నాకంటే బాగా చిన్నవాడు, మర్యాదస్థుడు. రెండూ చదివి కళ్ళజోడు తీశాడు.

"మొదటిది చాలు సార్. అందులో కూడా సాంకేతిక కారణాల వల్ల అని రాయండి. ఈ నోటీసు ఎందుకు?"

"సాంకేతిక కారణం నేనే సార్."

"మీ మీద నేను మెమో ఇవ్వాల్సి వస్తుంది. సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుంది. రిటైరయ్యే ముందు ఎందుకు మీకు?"

"ఎక్కనివ్వండి. ఆమె పేరు తీసేయబోయారు. నా పేరు మీద ఒక మచ్చ పడితే ఏం పోతుంది?"

కొన్నాళ్ళకు మెమో వచ్చింది. సంజాయిషీ ఇమ్మన్నారు. "ఆరోపణ నిజం" అని రెండు మాటలు రాసి పంపాను. గుర్రంకొండ వైపు ఉన్న మా బంధువులు ఫోన్లు చేశారు, పెద్దింటి పేరు మీద పెద్దింటివాడే నోటీసు రాస్తాడా, కాలువలో దిగి వీధికి తమాషా చూపిస్తాడా అని. పేరు పోయింది నేను కాలువలో దిగిన రోజు కాదనీ, తప్పుడు రిపోర్టు మీద సంతకం పెట్టిన రోజనీ చెప్పాను. వాళ్ళకు నచ్చలేదు. నచ్చాలని నేను అనుకోలేదు.

నేను కాగితాలు ఇచ్చిన మర్నాడే, శుక్రవారం సాయంత్రం, మేస్త్రీ వచ్చి చెవి దగ్గర చెప్పాడు. "రేపటి నుంచి పనిలోకి రమ్మని చెప్పినాను సార్. రానంటాండాది. అందరి ముందరా అన్నారు గదా, ఆఫీసులో కాగితం మారిస్తే ఎవురికి తెలుస్తాది అంటాండాది. నేను సర్ది చెప్తాను లెండి."

"సర్ది చెప్పొద్దు. పొద్దున మస్టరుకు రమ్మను."

శనివారం తెల్లవారి అందరూ షెడ్డు ముందు ఉన్నారు. ఆమె అందరికంటే ముందు వరుసలో, చేతిలో చీపురు లేకుండా నిలబడింది. నేను కాగితం తీశాను. మేస్త్రీ చెయ్యి చాపాడు. "ఇటివ్వండి సార్, నేను సదువుతాను."

"నా రాత నేనే చదువుతాను," అన్నాను.

నిటారుగా నిలబడి చదివాను. ఫలానా తేదీన ఫలానా కార్మికురాలి మీద నేను ఇచ్చిన రిపోర్టు అబద్ధం, మురుగు నా ఇంటిది, ఆమె చెప్పింది నిజం, వినకుండా నేను అందరి ముందూ ఆమెను నిందించాను, అని. ఎవరూ నవ్వలేదు. కాగితం మడవబోయాను.

"మల్లా ఒకసారి సదవండి సార్," అంది ఆమె. "ఎనకాల ఉండేవాళ్ళకు ఇనపళ్ళేదు."

మేస్త్రీ గతుక్కుమన్నాడు. నేను కాగితం మళ్ళీ విప్పి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, వెనక వరుసకు వినిపించేలా చదివాను.

ఆమె పోయి షెడ్డు గోడకు ఆనించి ఉన్న చీపురు తీసుకుంది.

"ఈ పొద్దు నాకు యా వీధి సార్?"

"నీ వీధే," అన్నాను.